జీరో బల్బు కన్నా తక్కువ కరెంటుతో సముద్రం దాటే సంకేతం

మన ఇళ్లలో రాత్రంతా వెలిగే జీరో బల్బు పేరుకే సున్నా. పాతకాలపు ఫిలమెంటు జీరో బల్బు 12 నుంచి 15 వాట్ల దాకా తాగేది. అందులో మూడో వంతు, అంటే 5 వాట్ల రేడియో తరంగం మీద మోర్స్ టకటకలు పంపి, విశాఖపట్నంలోని ఒక మేడ మీది నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల అవతల ఉన్న పోర్ట్ బ్లెయిర్‌ను పలకరించవచ్చు. ఆకాశం కలిసివచ్చిన రాత్రి దాదాపు 5,900 కిలోమీటర్ల దూరంలోని టోక్యోనూ పలకరించవచ్చు. ఆ తరంగాన్ని పుట్టించే పెట్టె అరచేతిలో ఇమిడిపోతుంది. దాన్ని ఇంట్లోనే కూర్చుని, కిట్టుగా దొరికే విడిభాగాలకు టంకం పెట్టి తయారుచేసుకోవచ్చు.

ఈ మాట చెప్పినప్పుడు మా కింది వాటాలో ఉండే బాబాయిగారు నన్ను ఎగాదిగా చూశారు. ఆయన పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. నేను మేడ మీద తీగ కడుతుంటే బట్టలు ఆరేయడానికనుకుని, కాస్త గట్టిగా కట్టమని చెప్పడానికి పైకి వచ్చారు. సంగతి తెలిశాక మూడు ప్రశ్నలు వేశారు. "టెలిగ్రాములు ఎత్తేశారు కదయ్యా, ఈ టకటకలు ఇంకా ఎవరు వింటారు?" "అయిదు వాట్లు అంత దూరం ఎలా పోతాయి?" "పోలీసులు వచ్చి పట్టుకుపోరా?"

మూడూ న్యాయమైన ప్రశ్నలే. మూడోదానికైతే తాజా కారణం కూడా ఉంది. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, సరైన అనుమతుల వివరాలు లేకుండా వాకీటాకీలు అమ్ముతున్నారంటూ ఆన్‌లైన్ అమ్మకాల వేదికలకు నోటీసులు ఇచ్చింది. అప్పటినుంచి రేడియో కిట్టు అనే మాట వినగానే రెండడుగులు వెనక్కి వేసేవాళ్లు కనిపిస్తున్నారు.

ఒకదానితో ఒకటి కలిసిపోయిన నాలుగు మాటలు

హ్యామ్ అంటే లాభాపేక్ష లేకుండా, నేర్చుకోవడానికీ ప్రయోగాలు చేసుకోవడానికీ ప్రభుత్వ లైసెన్సుతో రేడియో నడిపే వ్యక్తి. తెలుగులో ఔత్సాహిక రేడియో అని రాస్తారు గానీ, నడిపేవాళ్లందరూ హ్యామ్ అనే అంటారు.

మోర్స్ అనేది అక్షరాలను పొట్టి, పొడుగు ధ్వనులుగా మార్చే పద్ధతి. సీడబ్ల్యూ అనేది ఆ ధ్వనులను రేడియోలో పంపే విధానం. ఒకే స్వరంలో సాగే తరంగాన్ని మీట నొక్కి పుట్టించడం, వదిలి ఆపడం, అంతే. గొంతు ఉండదు, సంగీతం ఉండదు. ఉంటే తరంగం ఉంటుంది, లేకపోతే నిశ్శబ్దం.

క్యూఆర్‌పీ అనేది పాత తంతి సంక్షిప్తాల్లో ఒకటి. 'శక్తి తగ్గించు' అని దాని అర్థం. హ్యామ్‌ల వాడుకలో అది తక్కువ శక్తితో నడిపే పద్ధతికి పేరైంది. మోర్స్‌కు 5 వాట్లు, మాటకు శిఖర స్థాయిలో 10 వాట్లు దాటకూడదని ఒప్పందం. ఇది చట్టం కాదు, ఆటలో పెట్టుకున్న నియమం. ఆరో వాటు వాడితే ఎవరూ శిక్షించరు, కాకపోతే దాన్ని క్యూఆర్‌పీ అనరు.

ఇక టెలిగ్రాముల సంగతి. 2013 జులైలో మన దేశంలో ఆగిపోయింది ఒక ప్రజాసేవ. దాని చివరి దశాబ్దాల్లో సందేశాలు నడిచింది టెలిప్రింటర్ల మీదా కంప్యూటర్ల మీదా. అంటే టెలిగ్రాము కన్నా ముందే అందులోంచి మోర్స్ వెళ్లిపోయింది. ఓడలు కూడా 1999 ఫిబ్రవరి నుంచి ఉపగ్రహాలతో కూడిన కొత్త ఆపద్రక్షణ వ్యవస్థకు మారిపోయాయి. ఈ రెండు మార్పులతో మోర్స్‌కు ఉద్యోగం పోయింది, ప్రాణం పోలేదు. హ్యామ్‌ల బ్యాండ్లలో, అంటే వాళ్లకు కేటాయించిన పౌనఃపున్యాల్లో, ఈ రాత్రి కూడా అది వినిపిస్తుంది.

వైజాగ్ అని పంపడానికి ఎన్ని సెకన్లు పడుతుంది?

పుస్తకంలో మోర్స్ చుక్కలుగా, గీతలుగా కనబడుతుంది. అలా నేర్చుకున్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు, ఎందుకంటే గాలిలో ఉండేది బొమ్మ కాదు, కాలం. మృదంగం నేర్చుకునే పిల్లవాడు తకిట అనే మాటను నోటితో పలికి చేతిలోకి దింపుకున్నట్టు, మోర్స్‌ను డి, డా అనే శబ్దాలుగా నోటికి ఎక్కించుకోవాలి.

కొలత ఇలా ఉంటుంది. డి ఒక మాత్ర. డా మూడు మాత్రలు. ఒక అక్షరంలోని శబ్దాల మధ్య విరామం ఒక మాత్ర, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు. మన ఛందస్సులో గురువు రెండు మాత్రలే. ఇక్కడి గురువు మూడు. తేడా అంతే.

ఇప్పుడు వైజాగ్ అనే పేరును ఆంగ్ల అక్షరాల్లో పంపుదాం. వి అంటే డి డి డి డా, విరామాలతో కలిపి 9 మాత్రలు. ఐ అంటే డి డి, 3 మాత్రలు. జెడ్ అంటే డా డా డి డి, 11. ఏ అంటే డి డా, 5. జీ అంటే డా డా డి, 9. మొత్తం 37. అయిదక్షరాల మధ్య నాలుగు ఖాళీలు, ఒక్కోటి మూడు చొప్పున 12. చివర పద విరామం 7. అన్నీ కలిపితే 56 మాత్రలు.

మోర్స్ వేగాన్ని నిమిషానికి ఇన్ని పదాలు అని చెబుతారు. ప్రమాణంగా తీసుకునే పదం పారిస్, అది సరిగ్గా 50 మాత్రలు. నిమిషానికి 12 పదాల వేగంలో ఒక మాత్ర 100 మిల్లీసెకన్లు, కాబట్టి వైజాగ్ పంపడానికి 5.6 సెకన్లు పడుతుంది. లైసెన్సు పరీక్ష వేగమైన 8 పదాల్లో మాత్ర 150 మిల్లీసెకన్లు, అప్పుడు 8.4 సెకన్లు. ఈ లోపు ఫోనులో ఎవరైనా వైజాగ్ వాతావరణం, బీచ్ ఫొటోలు, హోటల్ ధరలు చూసేసి ఉంటారు. నిజమే. ఈ నెమ్మదితనమే ఆ 5 వాట్ల రహస్యంలో సగం.

వందకూ అయిదుకూ మధ్య ఉన్నది రెండు మెట్లే

బాబాయిగారి రెండో ప్రశ్న ఇదే. దీనికి ఆకాశం సగం జవాబు చెబుతుంది, చెవి సగం చెబుతుంది.

7 మెగాహెర్ట్‌జ్ ప్రాంతపు తరంగం పొడవు 40 మీటర్లకు కాస్త ఎక్కువ, అందుకే దాన్ని 40 మీటర్ల బ్యాండు అంటారు. ఈ తరంగాలు భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున, సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన అయనావరణం పొరల్లో వంగి తిరిగి నేలకు దిగుతాయి. పగటిపూట కింది పొర ఒకటి ఏర్పడి వీటిని కొంత మింగేస్తుంది, అందువల్ల పగలు కొన్ని వందల కిలోమీటర్లు. పొద్దు గుంకాక ఆ కింది పొర కరిగిపోతుంది, అప్పుడు వేల కిలోమీటర్లు. అద్దం ప్రకృతి పెట్టింది. దాని మీద మీరు వేసే వెలుగు 5 వాట్లా, 100 వాట్లా అన్నది తర్వాతి ప్రశ్న.

అవతల వినేవారి రేడియోలో సంకేత బలాన్ని చూపే ఎస్-మీటరు ఉంటుంది, ఒకటి నుంచి తొమ్మిది మెట్లు. సాధారణంగా పాటించే కొలత ప్రకారం ఒక్కో మెట్టు దిగాలంటే శక్తి నాలుగో వంతుకు పడిపోవాలి. మీ 100 వాట్లు అక్కడ 9 చూపిస్తున్నాయనుకోండి. 25 వాట్లకు దించితే 8. ఆరుంపావు వాట్లకు 7. అంటే 5 వాట్లు 7కు ఓ రవ్వ కింద ఉంటాయి. ఇంకా దిగితే ఒకటిన్నర వాట్ల దగ్గర 6, అర వాటు కన్నా తక్కువకు పోయాక 5. శక్తిని ఇరవయ్యో వంతు చేస్తే బలం ఇరవయ్యో వంతుగా చెవికి తగలదు, రెండు మెట్లు దిగినట్టు తగులుతుంది. మన ఇంద్రియాలూ ఈ మీటరూ రెట్లలోనే కొలుస్తాయి.

ఈ నిచ్చెనకు అడుగున బురద ఉంటుంది. దాని పేరు నాయిస్, అంటే రొద. నగరంలో ఎల్ఈడీ దీపాలు, ఇన్వర్టర్లు, చవకరకం చార్జర్లు అన్నీ కలిసి రొదను 6 దాకా లేపేశాయనుకోండి. అప్పుడు 5 వాట్ల సంకేతం పైకి తేలుతుంది, ఒక వాటు మునుగుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మీ మాట చేరుతుందా అన్నది అవతలి వారి రొదను బట్టి తేలుతుంది. మీ ఇంటి రొద మీ వినికిడిని మాత్రమే చెడగొడుతుంది. వాట్లు పెంచితే మీరు వినిపిస్తారు గానీ, మీకు ఎదుటివారు వినిపించరు. పెద్ద నోరు, చిన్న చెవులు ఉన్న స్టేషన్లను హ్యామ్‌లు వేళాకోళంగా మొసలి అంటారు.

ఇక నెమ్మదితనానికి వద్దాం. మాటను పంపాలంటే దాదాపు 2,400 హెర్ట్‌జ్‌ల వెడల్పు తెరవాలి. మోర్స్‌కు 200 హెర్ట్‌జ్‌లు తెరిస్తే చాలు. రొద అన్ని దిక్కులనుంచీ వచ్చే ఈదురుగాలి లాంటిది, ఎంత కిటికీ తెరిస్తే అంత లోపలికి వస్తుంది. పన్నెండో వంతు కిటికీ తెరిస్తే పన్నెండో వంతు రొద. ఆ లెక్కన 5 వాట్ల మోర్స్, వినేవారి వడపోత దగ్గర 60 వాట్ల మాటతో సమానంగా నిలబడుతుంది. ఇది మొదటి అంచనా మాత్రమే. మాట మధ్యమధ్యలో తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది కాబట్టి దాని సగటు శక్తి ఇంకా తక్కువ, అది మోర్స్‌కు లాభం. మరోపక్క, శిక్షణ పొందిన చెవి తనంతట తానే ఒక సన్నటి వడపోతలా పనిచేస్తుంది కాబట్టి పరికరంలో బిగించిన వడపోత తెచ్చే లాభమంతా అదనం కాదు. ఈ రెండో మాటను కిట్ల ప్రకటనలు చెప్పవు.

డబ్బా మూత తీసి చూస్తే

1976 మేలో డగ్ డిమా అనే అమెరికన్ హ్యామ్, క్యూఎస్‌టీ పత్రికలో రెండు ట్రాన్సిస్టర్ల ట్రాన్స్‌మిటర్ ఒకటి ప్రచురించాడు. దాన్ని కట్టింది ఖాళీ చేపల డబ్బా మీద. అరవాటు కూడా పలకని ఆ ట్యూనా టిన్ 2 ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. కొన్ని వందల రూపాయల్లో దొరికే పిక్సీ కిట్టుదీ అదే తరహా. రెండు ట్రాన్సిస్టర్లు, చెవికి వినిపించడానికి ఎల్ఎం386 అనే చిన్న ఐసీ, పౌనఃపున్యాన్ని కట్టేసి ఉంచే ఒక స్ఫటికం. దొరికే కిట్లలో ఎక్కువగా 7.023 మెగాహెర్ట్‌జ్ స్ఫటికం వస్తుంది. అంటే ఆ ఒక్క చోటే మాట్లాడాలి. వీధి అరుగు మీద కూర్చున్నట్టు, ఎవరైనా అటుగా వస్తే పలకరింపు, రాకపోతే లేదు.

పిక్సీ వినే పద్ధతిని డైరెక్ట్ కన్వర్షన్ అంటారు. వచ్చిన తరంగాన్ని లోపల పుట్టించిన మరో తరంగంతో కలిపితే, రెండింటి మధ్య తేడా స్వరంగా వినిపిస్తుంది. లోపలిది 7,029.3 కిలోహెర్ట్‌జ్, వచ్చింది 7,030 అయితే తేడా 0.7, అంటే 700 హెర్ట్‌జ్‌ల చక్కటి ఈల. చిక్కేమిటంటే, 7,028.6 మీద మరొకరు ఉన్నా తేడా అదే 700. ఇద్దరూ ఒకే శ్రుతిలో ఒకేసారి వినిపిస్తారు. ఏది మీ వారిదో చెవే తేల్చుకోవాలి.

ఈ చిక్కును విడదీసినవాటిలో బాగా పేరొచ్చింది 2017లో హాన్స్ సమ్మర్స్ రూపొందించిన క్యూసీఎక్స్ అనే కిట్టు. అది రెండు దారుల్లో సంకేతాన్ని తీసుకుని, ఒకదాని దశను జరిపి కలుపుతుంది, అక్కర్లేని వైపు రద్దయిపోతుంది. స్ఫటికానికి బదులు బ్యాండంతా తిరగగలిగే సింథసైజర్, 200 హెర్ట్‌జ్‌ల వడపోత, చివర స్విచ్చుల్లా పనిచేసే మూడు చిన్న బీఎస్170 ట్రాన్సిస్టర్లు. 3 నుంచి 5 వాట్లు వస్తాయి. ఆ ట్రాన్సిస్టర్లు స్విచ్చుల్లా పనిచేయడం వల్ల కరెంటు వేడిగా పోయేది తక్కువ.

మన తెలుగు నేల మీది పేరు కూడా ఇక్కడ చెప్పాలి. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్ఎక్స్ రేడియోలు ప్రపంచమంతటా కట్టారు, కడుతున్నారు. అది ప్రధానంగా మాట కోసం చేసిన రేడియో కాబట్టి ఈ వ్యాసం పరిధికి పక్కన ఉంటుంది.

పసుపు చక్రం మీద 21 చుట్లు

కిట్టు కట్టడంలో అసలు పరీక్ష ట్రాన్సిస్టర్ల దగ్గర ఉండదు, తీగ చుట్టడం దగ్గర ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ 7 మెగాహెర్ట్‌జ్‌తో పాటు దాని రెట్టింపు, మూడు రెట్ల దగ్గర కూడా కొంత చెత్తను విసురుతుంది. 14 మీద, 21 మీద ఎవరి పని వారు చేసుకుంటుంటే మన చెత్త వెళ్లి వాళ్ల వాకిట్లో పడకూడదు కదా. అందుకే యాంటెన్నాకు ముందు వడపోత. అందులో చొక్కా గుండీ అంతటి ఇనుప పొడి చక్రాలు, వాటి మీద వైండింగ్ వైరు.

పసుపు రంగు టీ37-6 రకం చక్రానికి లెక్క సులువు. చుట్ల సంఖ్యను దానితోనే గుణించి, మళ్లీ 3తో గుణిస్తే నానోహెన్రీలు. 21 చుట్లకు 1,323. 20 చుట్లకు 1,200. ఒక్క చుట్టు పోతే దాదాపు తొమ్మిది శాతం పోయినట్టు. చక్రం రంధ్రంలోంచి తీగ ఒకసారి దూరితే అది ఒక చుట్టు, బయట ఎన్ని మెలికలు కనిపించాయన్నది లెక్కలోకి రాదు. పూలు మాల కట్టేవాళ్ల వేళ్లలాంటి వేళ్లు ఉంటే ఇది పది నిమిషాల పని. నావి అలాంటివి కావు.

నా మొదటి కిట్టులో చుట్లన్నీ సరిపోయాయి. రెండుసార్లు లెక్కపెట్టాను, మా ఆవిడ చేత మూడోసారి లెక్కపెట్టించాను. మీట నొక్కితే శక్తి మాత్రం సున్నా. వారం రోజులు ట్రాన్సిస్టర్లను అనుమానించాను, ఒకటి పీకి మార్చాను కూడా. చివరికి భూతద్దం పెట్టి చూస్తే, వైండింగ్ వైరు కొసన ఎనామిల్ పూత అలాగే ఉంది. టంకం దాని చుట్టూ ముద్దలా, మెరుస్తూ, ఎంతో అందంగా కూర్చుంది, లోపలి రాగిని మాత్రం తాకనే లేదు. బ్లేడుతో గీకి, రాగి ఎర్రగా కనబడ్డాక మళ్లీ అంటించాను.

శక్తి కొలవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. ఒక కిలో ఓమ్, ఒక వాటు రెసిస్టర్లు ఇరవై పక్కపక్కన కలిపితే యాంటెన్నాకు బదులు శక్తిని మింగే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ అవుతుంది. తీగ చుట్టిన రకం మాత్రం వాడకూడదు, అది తానే ఒక కాయిల్ అయిపోతుంది. దానికి ఒక డయోడు, ఒక కెపాసిటర్ జోడించి మామూలు మల్టీమీటరుతో చూస్తే ఆ రోజు 20 వోల్టులు చూపించింది. డయోడు మింగే 0.6 కలిపితే 20.6. దాన్ని దానితోనే గుణించి 100తో భాగిస్తే 4.24 వాట్లు.

200 గజాల ఇల్లు, ఉప్పు గాలి

7.030 మెగాహెర్ట్‌జ్ చుట్టుపక్కల తక్కువ శక్తి వాళ్లు కలుసుకుంటారు. ఆ చోటుకు అర తరంగ డైపోల్, అంటే మధ్యలో రెండుగా విడదీసి కట్టే తీగ యాంటెన్నా, పొడవు కావాలంటే 468ని 7.03తో భాగించాలి, 66.6 అడుగులు వస్తుంది. మన ఊళ్లలో 200 గజాల స్థలం అంటే సాధారణంగా 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. దాని మూల నుంచి మూలకు కొలిస్తే 67 అడుగులు. ఎవరో ముందే లెక్కవేసి ప్లాట్లు కోసినట్టుంది. ఇల్లు స్థలమంతా ఆక్రమించదు కాబట్టి తీగ రెండు కొసలూ గోడ దాటి కొంచెం వేలాడతాయి, దానివల్ల పెద్ద నష్టం లేదు.

ఎత్తు విషయంలో రాజీ పడక తప్పదు. పది మీటర్ల ఎత్తున కట్టిన డైపోల్ శక్తిలో ఎక్కువ భాగాన్ని నెత్తి మీదికి విసురుతుంది. పైకి వెళ్లింది కిందికి వస్తుంది కాబట్టి 500 కిలోమీటర్ల హైదరాబాద్‌కూ 600 కిలోమీటర్ల చెన్నైకీ అది చక్కగా చేరుతుంది. దూరదేశాలకు కావలసింది క్షితిజానికి దగ్గరగా పోయే తరంగం. అందుకు పది మీటర్ల పొడవున్న నిలువు తీగ, దాని కింద మంచి విద్యుత్ వాహకమైన నేల కావాలి. ఉప్పునీరు మామూలు నేలకన్నా సుమారు వెయ్యి రెట్లు మంచి వాహకం. సింహాచలం కొండలు ఒకవైపు అడ్డుపడినా, తూర్పు నుంచి దక్షిణం దాకా బంగాళాఖాతం తెరిచే ఉంటుంది. సముద్రతీర నగరానికి దక్కిన వరం ఇది.

వరంతో పాటు శాపం కూడా అదే సముద్రం ఇస్తుంది. మన ఊళ్లో గాలికి ఏడాది తిరక్కుండా కిటికీ ఊచలకు చిలుము పడుతుంది. యాంటెన్నా అతుకుల మీద రాగి పచ్చబడి, తీగ తెగకుండానే తెగినట్టు ప్రవర్తిస్తుంది. 5 వాట్ల వాడికి ఇది పెద్ద దెబ్బ. అతుకు దగ్గర సగం శక్తి పోతే 100 వాట్ల వాడికి ఇంకా 50 మిగులుతాయి, మనకు మిగిలేది రెండున్నర. ఎస్-మీటరు లెక్కలో ఇద్దరికీ నష్టం అర మెట్టే. కాకపోతే ఆ అర మెట్టు మనల్ని బురదలోకి నెట్టేది కావచ్చు.

పోలీసులు పట్టుకుపోరా?

లైసెన్సు లేకుండా ప్రసారం చేస్తే అది నేరమే, 5 వాట్లయినా అర వాటయినా. శక్తి తక్కువైతే అనుమతి అక్కర్లేదన్న నమ్మకం ఈ రంగంలో తిరిగే అతి పెద్ద అపోహ. 1885 నాటి తంతి చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం స్థానంలో ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. మన హ్యామ్‌లకు చిరకాలంగా పునాదిగా ఉన్నవి 1978 నాటి నిబంధనలు. 12 ఏళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు జనరల్, రిస్ట్రిక్టెడ్ అనే రెండు గ్రేడ్లకూ ఉంటాయి. జనరల్ గ్రేడుకు వాటితోపాటు నిమిషానికి 8 పదాల మోర్స్ వినడం, పంపడం కావాలి, రిస్ట్రిక్టెడ్‌కు అక్కర్లేదు. జనరల్ వారి పిలుపు పేరు వీయూ2తో, రిస్ట్రిక్టెడ్ వారిది వీయూ3తో మొదలవుతుంది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో చేసుకోవాలి.

లైసెన్సు ఉన్న హ్యామ్ తన పరికరాన్ని తానే కట్టుకోవచ్చు. ఈ స్వేచ్ఛ ఫోనుకు లేదు, వాకీటాకీకి లేదు. దానికి ప్రతిగా కట్టుబాట్లున్నాయి. వ్యాపార సందేశాలు పంపకూడదు, రహస్య లిపి వాడకూడదు. మోర్స్ రహస్య లిపి కాదా అని బాబాయిగారు అడిగారు. కాదు. పట్టిక అందరికీ తెలిసినదే, ఎవరైనా నేర్చుకుని వినవచ్చు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊళ్లో తీగలు పట్టుకుని బీచ్‌కు వెళ్లేవారు మాత్రం, లైసెన్సులో రాసిన చిరునామా బయట ప్రసారానికి ఉండే షరతులు ముందే చూసుకుని, కాగితాలు వెంట ఉంచుకుంటే మంచిది.

తుఫాను రాత్రి ఇది అక్కరకొస్తుందా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటింది. కరెంటు పోయింది, సెల్ ఫోన్లు మూగబోయాయి. ఆ రోజులు చూసినవారికి బ్యాటరీతో నడిచే రేడియో ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. లెక్క చూడండి. 5 వాట్ల పెట్టె వింటున్నప్పుడు 0.1 ఆంపియర్, మీట నొక్కినప్పుడు 0.6 ఆంపియర్ తీసుకుంటుందనుకుందాం. గంటలో మీట నిజంగా నొక్కి ఉండే సమయం పది నిమిషాలైతే ఖర్చు 0.18 ఆంపియర్ అవర్లు. యూపీఎస్‌లో ఉండే 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం వాడినా 19 గంటలు నడుస్తుంది. నొక్కినప్పుడు 20 ఆంపియర్లు, వింటే ఒక ఆంపియర్ తాగే 100 వాట్ల రేడియోకు అదే సగం బ్యాటరీ గంట కూడా రాదు.

ఒప్పుకోని వారి వాదన కూడా గట్టిదే. సహాయ చర్యల్లో కావలసింది డాక్టరు, తహసీల్దారు, పడవ నడిపేవాడు నేరుగా అర్థం చేసుకోగల మాట. మోర్స్‌కు రెండు కొసల్లోనూ నేర్చినవాళ్లు ఉండాలి. ఆ పనికి దగ్గరి దూరాలకు మాట పంపే, చేతిలో ఇమిడే వీహెచ్ఎఫ్ సెట్లు, వాటి సంకేతాన్ని అందుకుని మళ్లీ ప్రసారం చేసే ఒక రిపీటరు కొండ మీద ఉంటే ఎక్కువ మేలు. పైగా మేడ మీది తీగ ఆ గాలికి నిలుస్తుందా? నా అభిప్రాయంలో ఈ కిట్లను విపత్తు పరికరాలుగా అమ్మజూపడం అతిశయోక్తి. తుఫాను పోయాక తీగ మళ్లీ కట్టి, వందల కిలోమీటర్లకు 'మేం బాగున్నాం, ఇవి కావాలి' అని చెప్పగలగడం దాకా ఒప్పుకోవచ్చు.

రెండో తగాదా కంప్యూటర్లతో. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే డిజిటల్ విధానం, చెవికి ఏమీ వినపడని చోట కూడా సంకేతాన్ని తవ్వితీస్తుంది. తక్కువ శక్తితో దూరం వెళ్లడమే లక్ష్యమైతే మోర్స్ ఓడిపోయింది, అందులో మొహమాటం లేదు. మోర్స్ పక్షం చెప్పేదేమిటంటే, ఎఫ్‌టీ8లో మాట్లాడుకునేది రెండు కంప్యూటర్లు, ముందే రాసిపెట్టిన నాలుగు ముక్కలు. మోర్స్‌కు కంప్యూటరే అక్కర్లేదు, పైగా అవతలి మనిషి చేతివాటం వినిపిస్తుంది. పరీక్షలో మోర్స్ ఉండాలా అన్న వాదం కూడా ఈ కొమ్మదే. 2003లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు ఆ నిర్ణయాన్ని ఆయా దేశాలకే వదిలింది. అమెరికా 2007లో తీసేసింది.

ఇక కిట్టు కట్టడం నిజంగా తయారుచేయడమేనా అన్నది హ్యామ్‌ల సొంత ఇంటి గొడవ. అది పొట్లం విప్పి నీళ్లు పోసే ఉప్మా అని పాతకాపులు ఎద్దేవా చేస్తారు. పొట్లం ఉప్మాకు వారం రోజులు భూతద్దం పట్టుకుని కూర్చోవాల్సిన పని లేదని నా మనవి.

ఎనామిల్ గీకిన రెండో రాత్రి, తొమ్మిది దాటాక, 7.030 మీద పిలిచాను. నాలుగోసారికి సన్నగా జవాబు వచ్చింది, అండమాన్ నుంచి. నాకు 449 ఇచ్చారు. మొదటి అంకె అర్థమయ్యే తీరు, అయిదుకు నాలుగు. రెండోది బలం, తొమ్మిదికి నాలుగు. మూడోది స్వరం శుద్ధి, తొమ్మిదికి తొమ్మిది. మధ్యలో సంకేతం మునిగి తేలుతోంది. నా పేరు రెండుసార్లు పంపాల్సివచ్చింది. బాబాయిగారు మరో జత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నారు. మొదట హోరు తప్ప ఏమీ లేదన్నారు. కాసేపటికి ఆయన వేలు కుర్చీ చేతి మీద ఆ ఈలకు తాళం వేయడం చూశాను.

"ఏమంటున్నాడయ్యా?" అన్నారు.

"అక్కడ వాన పడుతోందట."

ఆయన ఇయర్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకుని, పిట్టగోడ దగ్గరికి వెళ్లి, సముద్రం వైపు ఆకాశం చూసి వచ్చారు. "మన దగ్గర లేదని చెప్పు," అన్నారు.